పాలకూర చేసిన పాపమేమిటి?

ఈ మధ్య మన ఇళ్ళకి కొత్త ముద్దాయి ఒకటి దొరికింది. దాని పేరు ఆక్సలేట్. కిడ్నీలో రాళ్ళు దానివల్లే, మోకాళ్ళ నొప్పులు దానివల్లే, నీరసం దానివల్లే. ఆఖరికి పిల్లాడికి చదువు మీద ధ్యాస లేకపోయినా దానివల్లేనట! ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే ఒక వీడియో వస్తుంది. సాయంత్రానికల్లా పాలకూర ఇంట్లోకి రావడం మానేస్తుంది. మర్నాడు తోటకూర. ఆ తర్వాత టమాటా గింజలు తీసేసి వండమంటారు. వారం తిరిగేసరికి పాలు, పెరుగు కూడా అనుమానితుల జాబితాలోకి ఎక్కుతాయి. ఆవకాయ జాడీ మీద మాత్రం ఎవరూ ఈగని కూడా వాలనివ్వరు.

ఈ వరసంతా చూసి చూసి ఒళ్ళు మండిపోతోంది. అందుకే ఇవాళ కాస్త గట్టిగానే మాట్లాడతాను. ఆక్సలేట్ అబద్ధమని నేననడం లేదు. అది ఉంది, కొందరికి హాని చేస్తుంది కూడా. నేననేది ఒక్కటే. రాయి వచ్చిన ఇంట్లో అసలు దోషుల్ని వదిలేసి ఆకుకూరకీ, ఆ కూర వండిన మనిషికీ శిక్ష వేస్తున్నారు. ఆ శిక్ష వల్ల రాళ్ళు ఆగకపోగా ఇంట్లో ఆడవాళ్ళ ఒంట్లో ఉన్న కాస్త సత్తువ కూడా పోతోంది.

ముందు ఆ ముద్దాయి ఎవరో చూద్దాం. ఆక్సలేట్ అనేది మొక్కలు తమ అవసరం కోసం తయారు చేసుకునే పదార్థం. మొక్కలో ఎక్కువైన కాల్షియాన్ని అది పట్టి ఉంచుతుంది. నమిలి తినడానికొచ్చే పురుగుల్నీ పశువుల్నీ దూరం పెడుతుంది. మనకిదేమీ కొత్త పరిచయం కాదు. చామదుంప చెక్కు తీస్తే చేతులు దురద పెడతాయి చూడండి, కంద ముక్క సరిగ్గా ఉడక్కపోతే గొంతు పట్టుకుంటుంది చూడండి, అదంతా ఈ ఆక్సలేట్ పనే. కాల్షియంతో కలిసి కంటికి కనబడనంత సన్నటి సూదుల్లా గట్టిపడి ఆ దుంపల్లో ఉంటుంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకని సామెత కట్టిన జాతి మనది. ఆ దురదకి శాస్త్రంలో ఏం పేరుందో మన అమ్మమ్మలకి తెలియకపోవచ్చు. దాన్ని ఎలా లొంగదీయాలో మాత్రం తెలుసు. ముక్కల్ని మెత్తగా ఉడికించేవారు, ఆ నీళ్ళు వంపేసేవారు, చింతపండు పులుసు పోసి వండేవారు. కంద, బచ్చలి రెండూ ఆక్సలేట్ ఉన్నవే. ఆ రెండూ కలిపి ఆవ పెట్టిన కూర మన పెళ్ళి భోజనాల్లో ఎన్నాళ్ళుగానో ఉంది. ఎవరూ దాన్ని చూసి పంక్తిలోంచి లేచి పారిపోలేదు.

ఏ కూరలో ఎంతుంటుందో కూడా చెప్పుకుందాం. పాలకూరే అందరికంటే పైన ఉంటుంది, అందులో సందేహం లేదు. వంద గ్రాముల పాలకూరలో కొన్ని వందల మిల్లీగ్రాముల ఆక్సలేట్ ఉంటుంది. తోటకూర, చుక్కకూర, బచ్చలి, బీట్‌రూట్, బాదం, జీడిపప్పు, నువ్వులు, చాక్లెట్ కూడా ఎక్కువ ఉన్నవాటిలోకే వస్తాయి. టీలోనూ కొంత ఉంటుంది. పాలకూరతో పోలిస్తే మెంతికూరలో బాగా తక్కువ. క్యాబేజీ, కాలీఫ్లవర్, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ లాంటి వాటికి భయపడాల్సిన పనే లేదు.

మరి టమాటా? ఒక మామూలు టమాటా కాయలో ఉండే ఆక్సలేట్ పది మిల్లీగ్రాముల లోపే. ఆ గింజలు కడుపులోకెళ్ళి కిడ్నీలో రాళ్ళయిపోతాయని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. కడుపులోంచి కిడ్నీలోకి గింజ వెళ్ళే దారే లేదు కదమ్మా! అయినా సరే, ఇంట్లో ఒకరికి రాయి వచ్చిందంటే చాలు, ఆ ఇల్లాలు స్టవ్ దగ్గర నిలబడి ఒక్కో టమాటా కోసి, చెంచాతో గింజలు గీకి, అప్పుడు చారు పెట్టాలి. ఆ పెట్టమన్నవాళ్ళలో ఒక్కరూ ఒక్క రోజు కూడా ఆ గింజలు తియ్యరు. బాదం పప్పులు ‘ఆరోగ్యం’ అని గుప్పెడు నోట్లో వేసుకుంటూ టమాటా గింజల మీద తీర్పులు చెప్పేవాళ్ళని మీరూ చూసే ఉంటారు.

రాయి ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ తీర్పులు సగం వాటంతటవే పడిపోతాయి. కిడ్నీ రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం రాళ్ళు, వాటిలోనూ ఎక్కువ కాల్షియం ఆక్సలేట్‌వి. మూత్రంలో ఈ రెండూ కరిగి ఉన్నంతసేపు గొడవ లేదు. మూత్రం చిక్కబడితే అవి గట్టిపడి పలుకులు కడతాయి. నీళ్ళు తగ్గి పాకం ముదిరితే గిన్నె అంచున పంచదార పలుకులు కడుతుంది కదా, అలాగన్నమాట. ఇక ఆ మూత్రంలోకి వచ్చే ఆక్సలేట్ అంతా తిన్న కూరలోంచే రాదు. మన లివర్ కూడా రోజూ కొంత తయారు చేస్తుంది. తిండి నుంచి వచ్చే వాటా కొందరిలో పదో వంతు, కొందరిలో దాదాపు సగం దాకా ఉంటుంది. అంటే పాలకూరని దేశం దాటించినా మీ ఒంట్లో ఆక్సలేట్ ఉంటూనే ఉంటుంది.

2007లో అమెరికాలో వేలాదిమంది తిండి లెక్కలు చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. ఆక్సలేట్ బాగా ఎక్కువ తినే మగవాళ్ళలో, పెద్ద వయసు ఆడవాళ్ళలో రాళ్ళు వచ్చే అవకాశం, తక్కువ తినేవాళ్ళకంటే ఐదో వంతు మాత్రమే ఎక్కువ ఉంది. చిన్న వయసు ఆడవాళ్ళలో ఆ తేడా కూడా కనబడలేదు. వారానికోసారి పాలకూర పప్పు వండినందుకు మన మీద వేసే నేరం మాత్రం నూటికి నూరుపాళ్ళు!

ఇప్పుడు పాలు, పెరుగు సంగతి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. “రాయంటే కాల్షియమే కదా, కాబట్టి కాల్షియం మానెయ్యి” అంటారు. వినడానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. ఒంట్లో జరిగేది మాత్రం దానికి సరిగ్గా ఎదురు. మనం పాలకూరతో పాటు పెరుగన్నం తిన్నామనుకోండి, పెరుగులోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ని పట్టుకుంటుంది. రెండూ కలిసి మలంలో బయటికి పోతాయి. పెరుగు మానేస్తే పేగుల్లో దాన్ని పట్టుకునే నాథుడు ఉండడు. అది ఏకంగా రక్తంలోకి, అక్కణ్ణుంచి కిడ్నీలోకి వెళుతుంది. అంటే రాయి రాకుండా మానేసిన పెరుగే రాయికి దారి తెరుస్తోంది.

ఇది నా సొంత కవిత్వం కాదు. ఇటలీ డాక్టర్లు మాటిమాటికీ కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు వచ్చే 120 మంది మగవాళ్ళని రెండు జట్లు చేసి ఐదేళ్ళు చూశారు. అందరికీ నీళ్ళు బాగా తాగమనీ, ఆక్సలేట్ మరీ ఎక్కువున్నవి తగ్గించమనీ చెప్పారు. ఒక జట్టుకి పాలు, పెరుగు, చీజ్ లాంటి కాల్షియం తిండి బాగా తగ్గించారు. రెండో జట్టుకి కాల్షియం మామూలుగా ఉంచి, ఉప్పూ మాంసమూ తగ్గించారు. ఐదేళ్ళకి కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్ళీ రాయి వచ్చింది. కాల్షియం ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది. దాదాపు సగం! 2002లో ఇది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. అంతకు ముందు 1997లో అమెరికాలో 90 వేల మందికి పైగా నర్సుల్ని 12 ఏళ్ళు గమనించి, తిండిలో కాల్షియం ఎక్కువ తీసుకున్న ఆడవాళ్ళకే రాళ్ళు తక్కువని తేల్చారు. ఇన్నేళ్ళయినా ఆ కబురు మన ఇళ్ళకి చేరలేదు. టమాటా గింజల కబురు మాత్రం ఎవరూ పంపకపోయినా చేరిపోతుంది.

నలభై దాటిన ఆడదానికి పెరుగు మానెయ్యమని చెప్పడం ఎంత అన్యాయమో ఆలోచించండి. నెలసరి ఆగే వయసు నుంచి ఎముకల్లో బలం తగ్గుతూ వస్తుంది. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన పెరుగే చాలామందికి రోజంతటికీ దక్కే కాల్షియం. ఆయనకి రాయి వచ్చిందని ఇంటికి పాలు పోయించుకోవడమే తగ్గిస్తే, రేపు బాత్‌రూమ్‌లో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది ఎవరు? అప్పుడు ఏ వీడియో వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది?

మా పిన్ని కూతురి ఇంట్లో జరిగింది చెబుతాను. వాళ్ళాయన ఉద్యోగం రోజంతా బండి మీద తిరిగేది. పొద్దున్న బయల్దేరితే రాత్రికే ఇల్లు. మధ్యలో నాలుగు టీలు, ఒక మిక్చర్ పొట్లం. నీళ్ళ సీసా బరువని తీసుకెళ్ళడు. ఒక రాత్రి నడుములోంచి పొడుచుకొచ్చిన నొప్పితో మెలికలు తిరిగిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రాయి. మర్నాడు చూడ్డానికొచ్చిన చుట్టాలందరి ముందూ వాళ్ళత్తగారు అన్న మాట, “పొద్దస్తమానం ఆ పాలకూర పప్పు వండి పెడితే రాక ఏమవుతుంది?” అని. అది వండింది నెలకి రెండుసార్లు. ఆ మాట అన్నప్పుడు అక్కడున్న పదిమందిలో ఒక్కరు కూడా, “రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతున్నావయ్యా?” అని ఆయన్ని అడగలేదు. “అక్కా, రాయి ఆయనకొస్తే దోషం నాదెలా అయింది?” అని అది ఫోన్‌లో ఏడ్చింది. నేను ఈ వ్యాసం రాయడానికి ఆ ప్రశ్న చాలు.

ఎందుకంటే ఇది ఒక్క ఇంటి కథ కాదు. షుగర్ వస్తే అన్నం ఎక్కువ పెట్టావంటారు. బీపీ వస్తే నూనె ఎక్కువ పోశావంటారు. రాయి వస్తే ఆకుకూర వండావంటారు. బయట తిన్నవాటికి లెక్క లేదు, తాగని నీళ్ళకి లెక్క లేదు. గరిటె ఎవరి చేతిలో ఉంటే నేరం వాళ్ళదే. వద్దన్నవన్నీ మానేసి వండాలి, ఆపైన ఆయన రుచి లేదని విసుక్కుంటే పడాలి. పాలకూర మానేయమని చెప్పినంత తేలిగ్గా “మంచినీళ్ళు తాగు, ఉప్పు తగ్గించు” అని మగవాడికి చెప్పలేకపోవడం కూడా ఇందులో ఉంది. కూర మార్చాలంటే భార్య మారితే చాలు. అలవాటు మార్చాలంటే ఆయన మారాలి కదా!

ఉప్పు మాట ఎత్తాను కాబట్టి దాన్నీ తేల్చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే ఒక చిన్న చెంచాడు. మనం తినేది అంతకంటే చాలా ఎక్కువ. ఉప్పు ఎక్కువైతే కిడ్నీలు మూత్రంలోకి కాల్షియాన్ని కూడా ఎక్కువ వదులుతాయి. అలా వదిలిన కాల్షియమే అక్కడ ఆక్సలేట్‌తో కలిసి రాయి కడుతుంది. ఇప్పుడు మన విస్తరి చూడండి. మొదటి ముద్దకి ఆవకాయ. పప్పులోకి అప్పడం, వడియం. పెరుగన్నంలోకి మాగాయ, నంజుకోవడానికి ఊరమిరపకాయ. సాయంత్రం చేగోడీలో, ప్యాకెట్ చిప్సో. పాలకూర పప్పు తీసేసి ఇవన్నీ విస్తట్లో ఉంచడం, దొంగని వదిలేసి వాడు ఎక్కొచ్చిన రిక్షాని అరెస్టు చేసినట్టుంది. ఉలవచారు తాగితే రాళ్ళు కరుగుతాయని నమ్మేవాళ్ళు దాన్ని తాగితే నాకేం అభ్యంతరం లేదు. అందులో పడే ఉప్పు ఎంతో మాత్రం చూసుకోండి.

ఇక నీళ్ళు. అసలు తీర్పు రావాల్సింది ఇక్కడే. అదే ఇటలీలో 1996లో మొదటిసారి రాయి వచ్చిన 199 మందితో ఇంకో పరిశోధన చేశారు. సగం మందికి రోజుకి కనీసం 2 లీటర్ల మూత్రం వచ్చేటట్టు నీళ్ళు తాగమన్నారు. మిగతావాళ్ళకి ఏమీ చెప్పలేదు. ఐదేళ్ళలో నీళ్ళు తాగినవాళ్ళలో నూటికి 12 మందికి, తాగమని చెప్పనివాళ్ళలో నూటికి 27 మందికి మళ్ళీ రాయి వచ్చింది. మందు లేదు, పథ్యం లేదు, ఒట్టి నీళ్ళు! ఎండలు మండే ప్రాంతాల్లో, ఎండలో పనిచేసేవాళ్ళలో రాళ్ళు ఎక్కువ రావడానికి కారణం కూడా ఇదే. ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది, మూత్రం చిక్కబడుతుంది. రెంటచింతల ఎండలో పొలం పనికి వెళ్ళే మనిషికీ, రామగుండంలో రోడ్డు పనికి వెళ్ళే మనిషికీ, గల్ఫ్‌లో కట్టడాల మీద పనిచేసే మన పిల్లలకీ పాలకూర గురించి కాదు, పక్కన నీళ్ళ కూజా గురించి చెప్పాలి.

మరి ఆడవాళ్ళు నీళ్ళు ఎందుకు తాగరో ఎవరైనా మాట్లాడుతున్నారా? తెలియక కాదు. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. బడిలో బాత్‌రూమ్ తలుపుకి గడియ ఉండదు, నీళ్ళు రావు. అందుకని పొద్దున్న నింపి ఇచ్చిన సీసా సాయంత్రం నిండుగానే ఇంటికొస్తుంది. బట్టల షాపులో రోజంతా నిలబడి చీరలు చూపించే అమ్మాయి నీళ్ళు తాగదు. బస్సులో ఊరికి వెళ్ళాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే మనం నీళ్ళు మానేస్తాం. పెళ్ళికి పట్టుచీర కట్టుకుంటే ఇక చుక్క ముట్టం. ఇంట్లో ఉన్నవాళ్ళమైనా మేలా అంటే అదీ లేదు. వేసవిలో పొయ్యి ముందు రెండు గంటలు చెమటలు కారుస్తూ అందరికీ మజ్జిగ కలిపి ఇస్తాం, మన గ్లాసు గట్టు మీదే ఉండిపోతుంది. నీళ్ళు తాగక మూత్రం ఆపుకుంటే ఇన్ఫెక్షన్లు కూడా ఊరికే వదలవు. ఆ ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చే రాళ్ళ రకమే వేరు, వాటికి పాలకూరతో చుట్టరికమే లేదు. బడిలో బాత్‌రూమ్ గురించి ఒక్కసారి హెడ్‌మాస్టర్ని అడగని తండ్రి, కూతురి పళ్ళెంలోంచి పాలకూర తీసేస్తే ఏం లాభం?

ఆకుకూరలు మానేస్తే నష్టపోయేది ఎవరో కూడా చెప్పుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగానే. పాలకూర తింటే రక్తం ఊరిపోతుందని నేను చెప్పడం లేదు. ఆకుకూరల్లో ఇనుము ఒంటికి పట్టేది కొద్దిగానే, నిమ్మకాయ పిండుకుంటే కాస్త నయం. కానీ కడుపుతో ఉన్న పిల్లకి కావలసిన ఫోలేట్, కంటికి కావలసిన విటమిన్ ఎ, సాఫీగా విరేచనం కావడానికి పీచు, ఇవన్నీ పది పదిహేను రూపాయల కట్టలో ఇంకెక్కడ దొరుకుతాయి? మాంసం, చేపలు, డ్రై ఫ్రూట్స్ కొనగలిగే ఇంట్లో పాలకూర పోతే ఇంకొకటి వస్తుంది. మామూలు ఇంట్లో ఆ స్థానంలో వచ్చేది పచ్చడి మెతుకులే, అవీ ఆఖరున తినే ఆడమనిషికి.

పాలకూరని వెనకేసుకొస్తున్నాను కదా అని దాన్ని గ్లాసుల్లో పోసి తాగేవాళ్ళని మాత్రం మెచ్చుకోను. భయం ఒక పక్క పిచ్చి అయితే మోజు ఇంకో పక్క పిచ్చి. పొద్దున్నే పరగడుపున రెండు కట్టల పచ్చి పాలకూర మిక్సీలో వేసి, అందులో బీట్‌రూట్, గుప్పెడు బాదం కలిపి తాగితే ఒళ్ళంతా శుభ్రమైపోతుందట! పప్పులో వండితే నలుగురం తినే ఆకు ఒక్కరి కడుపులోకి ఒక్క గుక్కలో వెళుతుంది, పక్కన పెరుగు కూడా లేకుండా. పేగుల ఆపరేషన్లు అయినవాళ్ళకీ, కిడ్నీలు ముందే బలహీనంగా ఉన్నవాళ్ళకీ ఇది మామూలు విషయం కాదు. అమెరికాలో ఇలాంటి ఆకుపచ్చ జ్యూసులు తాగి కిడ్నీలు దెబ్బతిన్న 65 ఏళ్ళ ఆవిడ గురించి డాక్టర్లు 2018లో రాశారు. ఆవిడకి బరువు తగ్గే ఆపరేషన్ ముందే అయి ఉంది, యాంటీబయాటిక్స్ కూడా చాలా రోజులు వాడింది. మన పక్కనే కేరళలో కొలెస్ట్రాల్ తగ్గుతుందని పుల్లటి బిలింబి కాయల రసం గ్లాసులకొద్దీ తాగి కిడ్నీలు పాడు చేసుకున్నవాళ్ళ కేసులు 2013లో వైద్య పత్రికలో వచ్చాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు స్టార్ ఫ్రూట్ జోలికి అసలు పోకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. విటమిన్ సి మాత్రలు చప్పరించే అలవాటు ఉన్నవాళ్ళకీ ఒక మాట. ఎక్కువైన విటమిన్ సి ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది. 2013లో స్వీడన్‌లో చూస్తే ఆ మాత్రలు వేసుకునే మగవాళ్ళలో రాళ్ళు దాదాపు రెట్టింపు ఉన్నాయి. జామకాయ తినండి, నిమ్మకాయ పిండుకోండి. డాక్టర్ చెప్పని మాత్రలెందుకు?

అందుకే నేను చెప్పేది, వండుకుని తినండి, మన అమ్మలు వండినట్టు తినండి. రాళ్ళు లేని ఇంట్లో వారానికి ఒకటి రెండుసార్లు పాలకూరో తోటకూరో వండుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోజూ అదే కాకుండా మెంతికూర, మునగాకు, క్యాబేజీ మార్చి మార్చి చేసుకోండి. రాళ్ళు వచ్చిన చరిత్ర ఉంటే ఆకుని నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వంపేసి, అప్పుడు పప్పులో కలపండి. నీళ్ళలో కరిగే ఆక్సలేట్‌లో 30 నుంచి 87 శాతం దాకా అలా పోతుందని ప్రయోగాల్లో తేలింది. ఆవిరి మీద ఉడికిస్తే అంత పోదు, కుక్కర్లో పప్పుతో కలిపి పెడితే ఉన్నదంతా గిన్నెలోనే ఉంటుంది. నీళ్ళు వంపితే కొన్ని విటమిన్లు కూడా పోతాయి కాబట్టి అవసరం ఉన్నవాళ్ళే వంపాలి. ఏ ఆకుకూర తిన్నా అదే భోజనంలో పెరుగో చిక్కటి మజ్జిగో ఉండేటట్టు చూసుకోండి. పెరుగన్నంతో ముగించే మన భోజనం ఈ విషయంలో ఎవరికీ తీసిపోదు. కాల్షియం మాత్రలు వేసుకునేవాళ్ళు వాటిని పరగడుపున వేసుకోవాలో భోజనంతో వేసుకోవాలో డాక్టర్ని అడగండి, ఎందుకంటే పేగుల్లో ఆక్సలేట్‌ని పట్టుకోవాలంటే రెండూ ఒకేసారి కడుపులో ఉండాలి.

నిజంగా జాగ్రత్త పడాల్సినవాళ్ళు కొందరున్నారు. మాటిమాటికీ రాళ్ళు వచ్చేవాళ్ళు, బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళు, కొవ్వు అరగని పేగు జబ్బులున్నవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు, పుట్టుకతోనే లివర్ ఆక్సలేట్‌ని విపరీతంగా తయారు చేసే అరుదైన జబ్బున్న పిల్లలు. వీళ్ళ పథ్యం వీడియో చూసి కాదు, డాక్టర్ రాసింది చూసి పెట్టాలి. రాయి పడిపోతే పారేయకుండా ల్యాబ్‌కి ఇవ్వండి, అది ఏ రకం రాయో చెబుతారు. యూరిక్ యాసిడ్ రాయి అయితే మాంసం తగ్గించాలి గానీ పాలకూరని కాదు. అవసరమైతే 24 గంటల మూత్ర పరీక్ష చేస్తారు. దాంతో ఉప్పు ఎక్కువైందో, నీళ్ళు తగ్గాయో, ఆక్సలేట్ ఎక్కువైందో కాగితం మీద తెలిసిపోతుంది. మోకాళ్ళ నొప్పికీ నీరసానికీ ఆక్సలేట్ కారణమని చెప్పేవాళ్ళని, ఏ పరీక్షలో తేలిందో చూపించమనండి. నీరసంగా ఉంటే ముందు రక్తం ఎంతుందో, థైరాయిడ్ ఎలా ఉందో చూపించుకోండి.

ఇంట్లో ఎవరికైనా రాయి వచ్చి, వేలెత్తి మీ వంటింటి వైపు చూపిస్తే తల దించుకోకండి. ఒక కాగితం తీసుకుని వారం రోజులు రాయమనండి. ఏ పూట ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు, ఎన్నిసార్లు పచ్చడి వేసుకున్నారు, బయట ఏం తిన్నారు, ఆకుకూర ఎన్నిసార్లు తిన్నారు, అన్నీ. వారం తర్వాత ఆ కాగితం అందరి ముందూ చదవండి, తీర్పు అదే చెబుతుంది. ఆయన బండికి నీళ్ళ సీసా తగిలించండి. గుండెకో కిడ్నీకో సంబంధించి డాక్టర్ నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప, మూత్రం లేత గడ్డి రంగులోకి వచ్చేదాకా తాగాల్సిందేనని చెప్పండి. పిల్ల బడిలో బాత్‌రూమ్ ఎలా ఉందో ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కంటే ముందు అడగండి. ఊరి ప్రయాణంలో బస్సు ఆగిన చోట బాత్‌రూమ్ శుభ్రంగా లేకపోతే ఊరుకోకుండా ఫిర్యాదు చెయ్యండి. అందరికీ మజ్జిగ కలిపేటప్పుడు ముందు మీ గ్లాసు నింపుకుని, నిలబడి కాదు, కూర్చుని తాగండి.

రేపు బజారుకెళితే ఒక కట్ట పాలకూర తెచ్చుకోండి. ఎవరైనా అడిగితే, నేనున్నాను కదా, నా పేరు చెప్పండి.